సంతోషం కోసం దేవుణ్ణి నమ్మాలా? మీ ప్రశ్నకు నా జవాబు

మీరు రాసింది రెండు మూడుసార్లు చదివాను. ఏడాది కిందట నాన్నగారు పోయారు, అప్పటినుంచి మీకు దేవుడి మీద నమ్మకం పోయింది, అదే ఇంట్లో అమ్మ మాత్రం రోజూ ప్రార్థన చేసుకుని ప్రశాంతంగా లేస్తున్నారు, తమ్ముడేమో భక్తి ఉన్నవాళ్ళే సంతోషంగా ఉంటారని పరిశోధనలు తెచ్చి చూపిస్తున్నాడు, దేవుడే లేడని మీరంటున్నారు, రోజూ రాత్రి ఇదే గొడవ. చివర్లో మీరడిగింది, సంతోషం కోసమైనా మళ్ళీ నమ్మడానికి ప్రయత్నించాలా అని.

ముందు నా సంగతి చెప్పాలి. నయం కాని జబ్బులతో ఉన్నవాళ్ళ దగ్గర, వాళ్ళ కుటుంబాల దగ్గర కౌన్సెలర్‌గా 22 ఏళ్ళు పనిచేశాను. నేను దేవుణ్ణి నమ్మను. చిన్నప్పుడు బాగా నమ్మేవాణ్ణి, ఇరవై ఏళ్ళ వయసులో పోయింది, మళ్ళీ రాలేదు. కింద నేను చెప్పేదంతా ఆ సంగతి మనసులో పెట్టుకునే చదవండి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను చేసిన ఒక తప్పు చెబుతాను, అది మీ ఇంట్లో జరుగుతున్నదానికి చాలా దగ్గరగా ఉంది. చిన్న బిడ్డని పోగొట్టుకున్న ఒక తల్లి నా దగ్గరికి వచ్చేది. వచ్చినప్పుడల్లా అదే మాట, "నేనేం పాపం చేశానని దేవుడు నాకిలా చేశాడు?" ఆమె మీద ఉన్న బరువు దించుదామని, దేవుడంటూ ఎవరూ లేరమ్మా, అది ఒంట్లో కణాలు గాడి తప్పడం వల్ల వచ్చిన జబ్బు, మిమ్మల్ని ఎవరూ శిక్షించలేదు అని చెప్పాను. నేను చెప్పింది నిజమనే ఇప్పటికీ అనుకుంటున్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "మరి నా బిడ్డ ఎక్కడున్నట్టు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ తర్వాత ఆమె రాలేదు. దేవుణ్ణి తిట్టుకుంటూనే, బిడ్డ ఆ దేవుడి దగ్గరే క్షేమంగా ఉన్నాడని కూడా ఆమె అనుకుంటోంది, ఆ సంగతి నాకు తట్టలేదు. శిక్ష అనే మాట తీసేద్దామని వెళ్ళి, బిడ్డ ఉన్న చోటు కూడా తీసేశాను.

అప్పటినుంచి ఈ విషయంలో నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. దేవుడున్నాడా అన్నది ఒక ప్రశ్న. నమ్మకం మనిషికి సుఖాన్నిస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండిటినీ కలిపేస్తే ఇంట్లో గొడవ ఎప్పటికీ తెగదు, ఎందుకంటే మీ తమ్ముడు రెండో ప్రశ్నకు జవాబు చెబుతుంటే మీరు మొదటిదానికి చెబుతున్నారు. భక్తులు సంతోషంగా ఉన్నారు కాబట్టి దేవుడున్నాడు అనడం ఎంత తప్పో, దేవుడు లేడు కాబట్టి ఆ సంతోషం బూటకం అనడం కూడా అంతే తప్పు. మీ అమ్మగారి ప్రశాంతత నిజమైనదే, ఆమె నమ్మేది నిజమైనా కాకపోయినా.

తమ్ముడు తెచ్చిన లెక్కల దగ్గరికి వస్తాను. అవి అబద్ధాలేమీ కావు. అమెరికాలో ప్యూ రీసెర్చ్ సెంటర్ అనే సర్వే సంస్థ 2019లో ఇచ్చిన నివేదిక ప్రకారం, మతంలో చురుగ్గా ఉండేవాళ్ళలో, అంటే నెలకొక్కసారైనా ప్రార్థనా స్థలానికి వెళ్ళేవాళ్ళలో, 36 శాతం మంది తాము చాలా సంతోషంగా ఉన్నామన్నారు. ఏ మతానికీ చెందనివాళ్ళలో అలా అన్నది 25 శాతం. ఇక్కడ తమ్ముడు మీకు చెప్పి ఉండని సంగతి ఒకటుంది. మతం ఉండి కూడా ఎక్కడికీ వెళ్ళకుండా, చురుగ్గా లేకుండా ఉన్నవాళ్ళలో కూడా అది 25 శాతమే. అంటే పేరుకు ఒక మతంలో ఉండటం ఒక్కటే ఏ తేడా తేలేదు. నలుగురితో కలిసి చేయడం దగ్గర తేడా వచ్చింది.

దీన్ని ఇంకా లోతుగా చూసింది 2010లో లిమ్, పట్నం అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తల పరిశోధన. వారం వారం ప్రార్థనకు వెళ్తూ, అక్కడ ముగ్గురు నుంచి అయిదుగురు దాకా దగ్గరి స్నేహితులు ఉన్నవాళ్ళలో 33 శాతం మంది జీవితం పట్ల ఎంతో తృప్తిగా ఉన్నారు. అలాగే వారం వారం వెళ్తూ అక్కడ దగ్గరివాళ్ళంటూ ఎవరూ లేనివాళ్ళలో ఆ తృప్తి 19 శాతానికే. వీళ్ళకీ, అసలు వెళ్ళనివాళ్ళకీ పెద్ద తేడా లేదు. ఇది చూసి 'అయితే అది స్నేహమే, మతం పాత్ర ఏమీ లేదు' అని మీరు తమ్ముడి మీదికి వెళ్తారేమో, తొందరపడకండి. మతం తమకు ముఖ్యమని గట్టిగా అనుకునేవాళ్ళకే ఆ స్నేహాల వల్ల అంత మేలు కనిపించింది. ఒకే విషయాన్ని పవిత్రంగా భావించే నలుగురి మధ్య ఉండటంలో ఏదో బలం ఉంది. నేను నమ్మనివాణ్ణయినా ఇది ఒప్పుకోక తప్పదు, ఎందుకంటే కళ్ళారా చూశాను. మనిషి మంచాన పడితే నమ్మనివాళ్ళ ఇంటికి మొదటి వారం ఫోన్లు వస్తాయి, మూడో నెలకి అవి కూడా తగ్గిపోతాయి. ప్రార్థనా బృందం ఉన్న ఇంటికి మూడో నెలలో కూడా ఎవరో ఒకరు వస్తారు, రావడం వాళ్ళకి వారంలో ఒక పని కాబట్టి.

దేశాల మధ్య చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. డీనర్, టే, మైయర్స్ అనే ముగ్గురు పరిశోధకులు 2011లో నూటయాభైకి పైగా దేశాల సమాచారం తీసుకుని చూశారు. ఆకలి, ఆయుష్షు తక్కువ కావడం, భద్రత లేకపోవడం లాంటి కష్టాలున్న చోట భక్తికీ సంతోషానికీ సంబంధం స్పష్టంగా ఉంది. బతుకు సాఫీగా ఉన్న సమాజాల్లో నమ్మేవాళ్ళూ నమ్మనివాళ్ళూ దాదాపు సమానంగానే ఉన్నారు. ఏటా వచ్చే ప్రపంచ సంతోష నివేదికలో 2018 నుంచి 2025 దాకా ప్రతిసారీ ఫిన్లాండే మొదటి స్థానంలో ఉంది. అక్కడ క్రమం తప్పకుండా ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. జబ్బు చేసినా ఉద్యోగం పోయినా ఆదుకునే ఏర్పాటు ఉన్నచోట, దేవుడి మీద పడే భారం తగ్గుతుందని నేను అర్థం చేసుకున్నాను.

ప్రార్థన మీద కూడా ఒక పెద్ద పరిశోధన జరిగింది, 2006లో ఫలితాలు వచ్చాయి. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకునే 1802 మందిని మూడు గుంపులు చేశారు. మీకోసం ప్రార్థన జరగొచ్చు, జరగకపోవచ్చు అని రెండు గుంపులకి చెప్పి, ఒక గుంపు కోసం మాత్రమే ముక్కూ మొహం తెలియని వాళ్ళ చేత ప్రార్థన చేయించారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చినవాళ్ళు ఆ గుంపులో 52 శాతం, ప్రార్థన లేని గుంపులో 51 శాతం. మీకోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుంది అని ముందే చెప్పిన మూడో గుంపులో 59 శాతం. 'నాకోసం ప్రార్థన చేయాల్సినంత సీరియస్‌గా ఉందా' అని వాళ్ళు టెన్షన్ పడి ఉండొచ్చని కొందరన్నారు, నిజమేమిటో తేలలేదు. దీన్ని పట్టుకుని మీరు తమ్ముణ్ణి ఓడించాలనుకోకండి. పట్టిక గీసి పరీక్షించడానికి ఒప్పుకునే దేవుణ్ణి ఏ భక్తుడూ నమ్మడు. ఈ 59 దేవుడు లేడని చెప్పదు, ఆ 36 దేవుడున్నాడని చెప్పదు.

మీరు వాడుతున్న వాదన కూడా చూద్దాం. 'దేవుడే ఉంటే నాన్న అంత బాధపడి పోయేవారు కాదు.' ఇది చాలా పాత వాదన, గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ పేరు మీద చెబుతారు. ఆపగలిగీ ఆపకపోతే మంచివాడు కాదు, ఆపాలనుకుని ఆపలేకపోతే శక్తిమంతుడు కాదు. గట్టి వాదనే. నా నమ్మకం పోవడానికి కూడా ఇదే కారణం. కానీ ఇది సర్వశక్తిమంతుడూ పరమ దయాళువూ అయిన దేవుడికి మాత్రమే తగులుతుంది. మన దర్శనాల్లోనే, అంటే పాత తత్వ సంప్రదాయాల్లోనే, మీమాంసకులు అనేవాళ్ళు వేదాన్ని నమ్మి కూడా సృష్టికర్త అవసరం లేదన్నారు. ఋగ్వేదం పదో మండలంలో నాసదీయ సూక్తం చివర, ఈ సృష్టి ఎక్కడినుంచి వచ్చిందో పైనుంచి చూసేవాడికి తెలుసేమో, ఒకవేళ ఆయనకూ తెలియదేమో అంటుంది. అంతటి సందేహాన్ని వేదంలోనే ఉంచుకున్న సంప్రదాయం ఇది. కాబట్టి 'దేవుడు లేడు' అని మీరన్నప్పుడు ఏ దేవుణ్ణి కాదంటున్నారో, తమ్ముడు ఏ దేవుణ్ణి వెనకేసుకొస్తున్నాడో ఒకసారి తేల్చుకోండి. నేను చూసిన ఇలాంటి గొడవల్లో సగం, ఇద్దరూ వేరు వేరు దేవుళ్ళ గురించి మాట్లాడుకోవడం వల్లే.

తమ్ముడికి కూడా ఒక మాట చెప్పాలి. మొక్కుకుని బయటపడినవాళ్ళ కథలు ఎన్ని చెప్పినా సాక్ష్యం కావు. ఓడ మునిగినా మొక్కుకుని బతికి బయటపడ్డవాళ్ళ బొమ్మల పటాలు గుడిలో చూపించి, 'ఇప్పుడైనా నమ్ముతావా' అని డయాగొరస్ అనే గ్రీకు నాస్తికుణ్ణి ఒకరడిగారట. 'మరి మునిగిపోయినవాళ్ళ పటాలు ఎక్కడ?' అన్నాడాయన. రోమన్ రచయిత సిసెరో రాశాడు ఈ సంగతి, రెండువేల ఏళ్ళు దాటింది. మొక్కుకుని కూడా పోయినవాళ్ళ పక్కన కూర్చున్నవాణ్ణి నేను. వాళ్ళ భక్తి ఎవరి భక్తికీ తీసిపోలేదు.

ఇక మీరు అసలు అడిగింది. సంతోషం కోసం నమ్మొచ్చా?

17వ శతాబ్దంలో పాస్కల్ అనే గణితవేత్త దీన్ని పందెంలా పెట్టాడు. నమ్మితే పోయేది కొంచెం, వచ్చేది అనంతం, కాబట్టి నమ్మడమే తెలివి అన్నాడు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. కానీ 'నాకు నమ్మాలనే ఉంది, నమ్మకం కలగడం లేదు, ఏం చేయను' అనే మనిషికి కూడా ఆయన అక్కడే జవాబు చెప్పాడు, నమ్మేవాళ్ళు చేసేవన్నీ చేస్తూ పో, మెల్లగా అదే వస్తుంది అని. నమ్మకం అనేది అనుకోగానే వచ్చేది కాదని ఆయనకూ తెలుసు. చేస్తూ పోతే వస్తుందా అంటే, కొందరికి వచ్చింది, నేను చూశాను. ఎక్కువమందికి రాలేదు, పైగా నటిస్తున్నామన్న బాధ అదనంగా వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషికి ఇంకో అబద్ధం మోసే ఓపిక ఉండదు. మీరు అలా ప్రయత్నించవద్దనే నా సలహా.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ ఇద్దరు గుర్తొస్తారు. భగత్ సింగ్ 1930లో లాహోర్ జైల్లో, ఉరి తప్పదని తెలిసి, తాను నాస్తికుడు ఎందుకయ్యాడో రాసుకున్నాడు. ఇరవై మూడేళ్ళ కుర్రాడు. నమ్మకం కష్టాల తీవ్రత తగ్గిస్తుందని, దేవుడిలో మనిషికి పెద్ద ఓదార్పు, ఆసరా దొరుకుతాయని, ఆయన లేకపోతే మనిషి తన మీదే తాను ఆధారపడాలని అందులో స్పష్టంగా ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా, నిజమని అనిపించనిదాన్ని ఊరట కోసం తీసుకోలేదు. రెండో మనిషి మదర్ థెరిసా. ఆమె పోయిన పదేళ్ళకి, 2007లో, ఆమె ఉత్తరాలు బయటికి వచ్చాయి. దాదాపు యాభై ఏళ్ళపాటు దేవుడు తనతో ఉన్నట్టే అనిపించలేదని, లోపలంతా చీకటిగా, ఖాళీగా ఉందని వాటిలో రాసుకుంది. అయినా ప్రార్థన మానలేదు, పని మానలేదు. అంటే ఓదార్పు దొరుకుతుందని తెలిసీ ఒకరు నమ్మలేదు, ఓదార్పు దొరకకపోయినా ఇంకొకరు వదల్లేదు. ఈ ఇద్దరిలో ఎవరూ సంతోషాన్ని కొలబద్దగా పెట్టుకోలేదు. మీరూ తమ్ముడూ రోజూ పోట్లాడుకుంటున్నది ఆ కొలబద్ద పట్టుకునే.

భక్తి వల్ల బాధపడేవాళ్ళు కూడా ఉన్నారు, అది కూడా చెప్పాలి. పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం 2001లో, ఆస్పత్రిలో చేరిన దాదాపు 600 మంది పెద్దవయసు రోగుల మీద, రెండేళ్ళు గమనించి, ఒక పరిశోధన ప్రచురించింది. దేవుడు నన్ను వదిలేశాడు, నా మీద ప్రేమ లేదు, ఇది దెయ్యం పని అని కుమిలిపోయినవాళ్ళు చనిపోయే అవకాశం మిగతావాళ్ళ కంటే ఎక్కువగా కనిపించింది. నా అనుభవం కూడా అదే చెబుతుంది. ఒక పెద్దాయన, కేన్సర్ ముదిరినవాడు, 'నీ భక్తిలో లోపముంది, అందుకే తగ్గడం లేదు' అని బంధువులంటే నొప్పి మందు వేసుకోవడానికి కూడా ఒప్పుకోలేదు, నొప్పి భరిస్తే పాపం తీరుతుందని. ఆయన్ని ఒప్పించింది నేను కాదు. ఆయన గౌరవించే మత పెద్ద వచ్చి, మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, దేవుడికి నీ నొప్పితో పనిలేదు, మందు వేసుకో అన్నాడు. ఆ రాత్రి ఆయన నిద్రపోయాడు. ఆయనకి కావాల్సిన మాట ఆ మతంలోనే ఉంది, చెప్పేవాళ్ళే కావాల్సి వచ్చింది. కాబట్టి మతం సుఖాన్నిస్తుందా అని ఎవరైనా అడిగితే, ఆ దేవుడు మీకు తోడుగా ఉన్నాడా, లెక్కలు రాస్తున్నాడా అని నేను తిరిగి అడుగుతాను. శిక్షించే దేవుడితో ఒంటరిగా ఉన్న మనిషి కంటే దుఃఖంలో ఉన్నవాణ్ణి నేను చూడలేదు.

బైబిల్లో యోబు కథ చదివారో లేదో. అన్నీ పోగొట్టుకున్న ఆయన్ని చూడటానికి స్నేహితులు వస్తారు. ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాట కూడా మాట్లాడకుండా నేల మీద ఆయన పక్కన కూర్చుంటారు. తర్వాత నోరు విప్పి, నువ్వేదో పాపం చేసే ఉంటావని వాదన మొదలుపెడతారు. చివర్లో దేవుడు కోప్పడేది ఆ స్నేహితుల మీదే. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నాకు ఇంతకన్నా పనికొచ్చిన కథ లేదు. వాళ్ళు చేసిన మంచి పనంతా ఆ మొదటి ఏడు రోజుల్లోనే ఉంది.

మీ ఇంటి గొడవ గురించి చెప్పాల్సింది కొంచెమే. రాత్రిపూట వద్దు. అలసిపోయి ఉన్నప్పుడు ఎవరూ ఎవరి మాటా వినరు. అమ్మ ముందు అసలే వద్దు, మీ ఇద్దరిలో ఎవరు గెలిచినా ఆమె ఏదో ఒకటి పోగొట్టుకుంటారు. వాదించుకోవడం తప్పని నేననను, దేవుడి గురించి వాదించుకోవడం మనుషులు చేసే మంచి పనుల్లో ఒకటి, నాకూ ఇష్టం. కానీ మీ తమ్ముడు ఆ పరిశోధనలు ఎందుకు తెస్తున్నాడో ఆలోచించారా? అతనికీ నాన్న పోయారు. మీరు నమ్మితే మీ బాధ తగ్గుతుందని అతని ఆశ. అతనికి తెలిసిన మందు అదొక్కటే, అదే తెచ్చి ఇస్తున్నాడు. మందు వద్దనండి, తెచ్చిన మనిషిని వద్దనకండి.

ఒకటి మాత్రం జాగ్రత్త. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, బతకడం ఎందుకు అనిపించడం లాంటివి ఉంటే అది నమ్మకం పోవడం వల్ల వచ్చిందనుకుని ఊరుకోకండి. డాక్టర్‌కి చూపించండి, ఆలస్యం చేయకండి. డిప్రెషన్ నమ్మేవాళ్ళకీ వస్తుంది, నమ్మనివాళ్ళకీ వస్తుంది, చికిత్స ఇద్దరికీ పనిచేస్తుంది.

నమ్మకుండా ఉండి ఏం చేయొచ్చు అంటే, మతం చుట్టూ ఉన్నవాటిలో దేవుణ్ణి ఒప్పుకోకుండానే చేయగలిగేవి చాలా ఉన్నాయి. రోజులో ఒక వేళ ప్రత్యేకించి మౌనంగా కూర్చోవడం. వారానికోసారి అదే నలుగురిని కలవడం, పనుంటేనే అని కాకుండా. పోయినవాళ్ళని ఒక రోజు పెట్టుకుని తలచుకోవడం. నాన్నగారి లాంటి జబ్బుతో ఉన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవడం. వీటివల్ల అమ్మకి దొరికినంత దొరుకుతుందని మాట ఇవ్వలేను. నాకు కొంత దొరికింది. కొన్ని రాత్రుళ్ళు ఏదీ చాలలేదు, అది కూడా దాచను.

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగిపోయిన వాక్యం వేరే ఉంది. 'అమ్మని చూస్తే అసూయగా ఉంది' అన్నారు. మీకు లేనిది దేవుడనే మీరు అనుకుంటున్నారు. నాన్న పోయిన ఏడాదికే నమ్మకం పోయిన మనిషి, దేవుడి కోసం ఏడుస్తున్నారో, నాన్న కోసం ఏడుస్తున్నారో తేల్చుకోవడం కష్టం. తమ్ముడితో ఇన్ని రాత్రులు వాదించుకున్నారు కదా, వాటిలో ఎన్నిసార్లు నాన్న పేరు వచ్చింది?

అమ్మ ప్రశాంతంగా లేస్తున్నారని మీరు బయటినుంచి చూసి చెబుతున్నారు. లోపల ఏం జరుగుతోందో ఆమెని అడగండి. వాదన లేకుండా, ఊరికే పక్కన కూర్చుని, 'అమ్మా, అంతసేపు కూర్చుంటావు కదా, ఏం అనుకుంటావు?' అని. ఇలా అడిగించి చూసిన ఇళ్ళలో నేను ఎక్కువసార్లు విన్న జవాబు, 'ఆయనతో మాట్లాడుకుంటాను' అని. ఆయనంటే దేవుడనుకుంటారు పిల్లలు. తీరా చూస్తే ఆమె మాట్లాడుకునేది భర్తతో. ఈరోజు ఇది జరిగింది, పిల్లలు మళ్ళీ పోట్లాడుకున్నారు, నువ్వుంటే బాగుండేది అని.

మీ అమ్మగారూ అదే చెబితే, రేపు ఆ వేళకి వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి. మీరు ప్రార్థన చేయనక్కర్లేదు. నాన్నకి చెప్పాలనుకుని చెప్పలేకపోయినవి మీ దగ్గరా ఉంటాయి. తమ్ముణ్ణి కూడా పిలవండి.